ఎవరి పేరు మీద

క్యూ ఒక్క అడుగు కదిలి మళ్లీ ఆగింది. సామ్రాజ్యం చేతుల్లోని పానకం బిందె తొణికి నాలుగు చుక్కలు పాదం మీద పడ్డాయి, బెల్లం, మిరియాలు, యాలకులు కలిసిన వాసన గుప్పున లేచింది, ఆ వెనకే కట్టుకున్న చీర మడతల్లోంచి ఇంకో వాసన కూడా వచ్చింది, పైపైన కలరా ఉండలది, అడుగున ఎప్పుడో ఎవరో మెడకు రాసుకున్న పౌడరుది. ఎవరో ఏమిటి, బాగా తెలిసిన మనిషే. పసుపు ఒంటికి ఎర్రంచున్న ఈ చీర మస్తానమ్మది. ముందు నిలబడి తువ్వాలుతో మెడ తుడుచుకుంటున్న యలమందయ్యకు మొదటి భార్య ఆమె, పోయి నాలుగేళ్లు దాటింది. సామ్రాజ్యం రెండో భార్య, వచ్చి రెండేళ్లయింది. ఇనప కమ్మీల మధ్య జనం ఒకరి వీపుకొకరు ఆనుకుని నిలబడ్డారు, ఆ చివర కొండ గుహలో నరసింహస్వామి నోరు తెరుచుకుని ఉన్నాడు, పక్కన అర్చకుడు శంఖంతో ఆ నోట్లో పానకం పోస్తున్నాడు, పోసే ముందు ప్రతి జంటనూ ఒకటే మాట అడుగుతున్నాడు, గోత్రం చెప్పండి, దంపతుల పేర్లు చెప్పండి. ఆ మాట ఇక్కడిదాకా వినిపిస్తోంది. ఇంకాసేపట్లో తమనూ అడుగుతారు, అడిగినప్పుడు ఈ మనిషి ఎవరి పేరు చెబుతాడో సామ్రాజ్యానికి తెలియదు.

తెలియకపోవడమేమిటి, పొద్దున కింది గుడిలో తేలిపోలేదూ. తెల్లారీ తెల్లారకముందే చిలకలూరిపేటలో బస్సెక్కారు, మంగళగిరి పుణ్యక్షేత్రాల యాత్ర, ఒక్క రోజులో గుళ్లూ దర్గా చర్చీ అన్నీ చూపించి రాత్రికి ఇంట్లో దింపుతామని కాగితం మీద వేశారు. బస్సులో ఇద్దరు కూర్చునే సీట్లు ఒక వైపు, ముగ్గురు కూర్చునేవి ఒక వైపు. యలమందయ్య చూసి చూసి ముగ్గురి సీటే పట్టుకున్నాడు. కిటికీ దగ్గర ఆమెను కూర్చోబెట్టి, ఈ చివర తను కూర్చుని, మధ్యలో తువ్వాలు పరిచాడు. గుంటూరు దాటాక ఎవరో ఎక్కి ఇక్కడ ఖాళీయేనా అంటే, లేదండీ మనుషులున్నారు అన్నాడు. అన్నాక ఆయనే ఉలిక్కిపడి కిటికీ లోంచి బయటికి చూశాడు, బయట పత్తి చేలు వెనక్కి పరిగెడుతున్నాయి, సామ్రాజ్యం ఆ తువ్వాలు వైపు చూసి, చూడనట్టు తల తిప్పుకుని, తన చీర కుచ్చిళ్లు కాస్త ఇవతలికి లాక్కుంది. ఎందుకు లాక్కుందో తనకే తెలియదు. ఇరుకుగా కూర్చున్న మనిషికి చోటిచ్చినట్టు లాక్కుంది.

ఆ తర్వాత కింది గుడి, ఆకాశంలోకి పోయే ఆ గాలిగోపురం, మెడలు పడిపోయేట్టు చూడండమ్మా అని గైడు సుభానీ మైకులో అరవడం. నవ్వుమొహం కుర్రాడు, ముప్పై ఏళ్లుంటాయేమో, బస్సెక్కగానే అమ్మలూ అయ్యలూ నా పేరు సుభానీ, పొద్దున నమాజు మా దేవుడికి, ఇక పొద్దంతా కొలువు మీ నరసింహస్వామికి, ఆయనే నాకు అన్నం పెడతాడు అని అందరినీ నవ్వించాడు. లోపల అర్చకుడు పళ్లెం పట్టుకుని గోత్రం అడిగాడు, దంపతుల పేర్లు అడిగాడు, యలమందయ్య చేతులు జోడించి కళ్లు మూసుకుని యలమందయ్య, మస్తానమ్మ అన్నాడు. నీళ్లు తాగినంత తేలిగ్గా అన్నాడు. మంత్రంలో ఆ పేరు కలిసిపోయింది, ఆయురారోగ్య ఐశ్వర్యాలన్నీ ఆ పేరుకు చేరాయి, తర్వాత అర్చకుడు అక్షింతలు తీసి ఎదురుగా కనబడుతున్న ఆడమనిషి నెత్తిన వేసి దీర్ఘసుమంగళీ భవ అన్నాడు. బతికున్నవాళ్ల పేరు మీద తప్ప అర్చన చేయించకూడదని సామ్రాజ్యం చిన్నప్పుడే విన్నది, ఆ సంగతి ఊరూరా చిన్నపిల్లలకు కూడా తెలుసు, ఈయనకు తెలియదా. పోయిన మనిషి పేరు చెప్పి బతికున్న మనిషి తల మీద వేశారు కదా ఆ బియ్యం, ఇప్పుడు ఆ దీవెన ఎవరిది, తల ఎవరిది. గుడి మెట్ల మీద నిలబడి జుట్టులో చిక్కుకున్న గింజలు ఏరి పారేయబోయింది. పారేస్తే ఆయన ఆయుష్షుకు ఏమన్నా అవుతుందేమోనని మళ్లీ కొంగున కట్టుకుంది.

క్యూ కదిలింది. ఆయన వెనక్కి తిరిగి చూడకుండానే చెయ్యి వెనక్కి చాపి బిందె బరువు ఎక్కువుందా అన్నట్టు అంచు పట్టుకుని మళ్లీ వదిలేశాడు. మంచివాడే, ఆ మాట ఎవరి ముందైనా చెబుతుంది. కోపం రాదు, కంచం విసరడు, కూలివాళ్లకు అన్నం పెట్టందే తను తినడు. రెండేళ్లలో ఆమెను పేరు పెట్టి పిలవలేదంతే. ఇదిగో అంటాడు, ఏమోయ్ అంటాడు, మరీ దూరంగా ఉంటే గొంతు సవరించుకుంటాడు. అందులో తప్పుపట్టడానికి ఏమీ లేదు, ఆ వైపు ఊళ్లలో ఆ వయసు మొగుళ్లందరూ అంతే, బతికున్న పెళ్లాం పేరు నోట పలికితే కొంప మునుగుతుందన్నట్టు ఉంటారు. పోయినవాళ్లతో ఆ మొహమాటం లేదు. మస్తానమ్మ ఉంటేనా ఈపాటికి మిరప నారు పోసేది, మస్తానమ్మకు ఈ గేదె పాలిచ్చేది, ఇంకోళ్లకు తన్నేది, మస్తానమ్మ, మస్తానమ్మ. ఇల్లంతా ఆ పేరే తిరుగుతుంది, సామ్రాజ్యం అనే పేరు మాత్రం పెళ్లినాడు గడప బయట చెప్పుల పక్కన విడిచి వచ్చినట్టు అక్కడే ఉండిపోయింది.

నలభై నాలుగేళ్లకు పెళ్లేమిటని సొంతూరు చీరాలలో నవ్వినవాళ్లు నవ్వారు. మంచాన పడ్డ తల్లికి సేవ చేస్తూ, కండెలు చుట్టుకుంటూ, మగ్గం అమ్మేశాక చీరల కొట్లో మడతలు పెట్టుకుంటూ ఉండగా ఆ వయసు దానంతట అది వచ్చేసింది. ఒక రోజు కొట్టుకు ఒంగోలు నుంచి ఒక పిల్ల వచ్చింది, హేమశ్రీ, యలమందయ్య కూతురు, చీర కొనకుండా చాలాసేపు ఈమె చేతులకేసి చూస్తూ కూర్చుంది. తర్వాత ఇంకోసారి వచ్చింది. మూడోసారి వచ్చినప్పుడు మా నాన్న ఒక్కడే ఉంటున్నాడండీ, అన్నం తినట్లా అంది. అంతే, పెళ్లిచూపులంటే అంతే. పెళ్లి రోజు పొద్దున మస్తానమ్మ ఫోటో ముందు కొత్త చీర పెట్టి పసుపు కుంకుమ వేసి, అమ్మా నువ్వు కట్టుకున్నట్టే అనుకో, చల్లగా చూడు అని మొక్కించి, ఆ చీరే సామ్రాజ్యానికి కట్టబెట్టారు. మెడలో రెండు పుస్తెలతో పాటు మస్తానమ్మ పేరు మీద చిన్న బంగారు బిళ్ళ కూడా గుచ్చారు, మొదటి ఆమెను మెడలో పెట్టుకుంటే ఆమె మీదికి రాదట. మీదికి రాలేదు నిజమే, పక్కకొచ్చింది. చీర కట్టుకుని గదిలోంచి వస్తుంటే వంటింట్లో ఆడబిడ్డ సీతారావమ్మ గొంతు తగ్గించకుండా అన్న మాట వినబడింది. సీతారావమ్మకు గొంతు తగ్గించడం చేతకాదు.

"మా తమ్ముడికిప్పుడు పెళ్లాం కావాలనా? మస్తానమ్మ మొక్కిన మొక్కుంది, ఇద్దరూ కూర్చుని తీర్చాల్సింది. ఒంటి మగోడు ఎట్టా తీరుస్తాడు? పక్కన ఆడది ఉండాలిగా, అందుకే ఈ పెళ్లి."

ఆ మాట విన్నాక కూడా సామ్రాజ్యం నవ్వుతూనే వచ్చి పీటల మీద కూర్చుంది. వినని వాళ్లు కూర్చున్నట్టే కూర్చుంది. అయితే మాట ఒకసారి చెవిలో పడ్డాక ఊరుకుంటుందా, అన్నం వండుతుంటే వస్తుంది, గేదెకు గడ్డి వేస్తుంటే వస్తుంది, ఆయన ప్రేమగా ఇంకాస్త పెరుగు వేసుకో అంటే దాని వెనకా వస్తుంది. ఈ మొక్కు తీరిపోతే తన పని అయిపోయినట్టేనా. పక్కన ఆడది ఉండాలి కాబట్టి తెచ్చుకున్న ఆడది, మొక్కు తీరాక ఎవరు. ఈ రోజు కొండ మీద అర్చకుడి ముందు ఆయన నోటి నుంచి తన పేరు వస్తే తను ఆయన భార్య. రాకపోతే తను ఈ చీర తగిలించిన కొయ్య. ఇంత చిన్న సంగతికి రెండేళ్లుగా కాచుకుని కూర్చున్నానా అని సిగ్గు కూడా వేసింది ఆమెకు, కానీ కాచుకున్న మాట నిజం.

మొక్కు సంగతి ఆయనే చెప్పాడు, ఒక సాయంత్రం కల్లంలో, ఎర్రగా పరిచిన మిరపకాయల పక్కన పట్టా మీద కూర్చుని, ఎవరితోనో చెబుతున్నట్టు. రెండో కరోనాలో ఆయన్ను మంగళగిరి హైవే పక్కన ఆస్పత్రిలో వేశారు, ఊపిరి అందడం లేదు, లోపలికి ఎవరినీ రానివ్వరు. మస్తానమ్మ బయట మెట్ల మీదే ఉండిపోయింది, తిండి నిద్ర అక్కడే. ఆ మెట్ల మీద నుంచి చూస్తే ఈ కొండ కనబడేదట. కొండకేసి చేతులు జోడించి, పానకాల స్వామీ, ఈయన్ని లేపి కూర్చోబెట్టు, ఇద్దరం దంపతులుగా వచ్చి నీకు పానకం పోయిస్తాం అని మొక్కుకుంది. ఆయన లేచి కూర్చున్నాడు. ఆయన ఇంటికొచ్చిన రోజునే ఆమె దగ్గడం మొదలుపెట్టింది, అదే ఆస్పత్రి, అవే మెట్లు, ఈసారి మెట్ల మీద ఆయన. మొహం కూడా చూపించలేదు, సంచీలో చుట్టి ఇచ్చారు, ఇచ్చారని కూడా కాదు, దూరం నుంచి చూపించారు. అందులో ఉన్నది మస్తానమ్మేనో ఇంకెవరో నాకేం తెలుసు అన్నాడు యలమందయ్య, అని కల్లంలో ఒక మిరపకాయ తీసి తొడిమ తుంచి పక్కన పెట్టాడు, ఇంకోటి తీసి తుంచాడు, చీకటి పడేదాకా తుంచుతూనే ఉన్నాడు. మొహం చూడని మనిషి పోయినట్టెట్లా అవుతుందని ఆ రోజు సామ్రాజ్యానికి కూడా అనిపించింది. అప్పటి నుంచే కల్లంలో సందెవేళ ఒంటరిగా ఉంటే వెనక గాజులు గలగలమన్నట్టు వినబడటం. తిరిగి చూస్తే ఎండిన కాయలు గాలికి కదులుతుంటాయి, ఎండిన మిరపకాయల్లో గింజలూ అట్లాగే మోగుతాయి, కాబట్టి అది గాజులు కాకపోవచ్చు. కాకపోవచ్చని రోజూ చెప్పుకుంటుంది.

ఎవరో చిన్నపిల్ల ఏడుస్తోంది, వాళ్లమ్మ ఊరుకోపెడుతోంది, కింద బస్సుల దగ్గర నుంచి సుభానీ మైకు గొంతు గాలికి తెగి తెగి వస్తోంది, త్వరగా రండమ్మా, మధ్యాహ్నం దాటితే స్వామి తలుపులు వేసేస్తారు, ఆ తర్వాత దేవతలొచ్చి పూజ చేసుకుంటారు, వాళ్ల వంతులో మనం ఉండకూడదు. వాళ్ల వంతు. మన వంతు. పగలు మనుషులది, ఆ తర్వాత కనబడనివాళ్లది, ఇంత చక్కగా వేళలు పంచుకుంటే ఎంత బాగుండును ఇళ్లల్లో కూడా. ఆ ఇంట్లో అట్లా లేదు. అద్దం అంచున మస్తానమ్మ అంటించిన బొట్టు బిళ్ళలు వరసగా ఉన్నాయి, మొహం కడుక్కునేటప్పుడు తీసి అంటించి మర్చిపోయినవి, సామ్రాజ్యం తన బొట్టు ఆ చివర అంటిస్తుంది, పాతవి మాత్రం పీకదు. ఒకసారి బిళ్ళల అట్ట అయిపోయింది, పండగ పూట, అంగడి మూసేశారు, చెయ్యి దానంతటదే పోయి ఆ వరసలో ఒకటి పీకి నుదుట పెట్టింది. ఇన్నేళ్లకూ జిగురు పోలేదు, ఎంత చక్కగా అతుక్కుందో. ఆ పూట యలమందయ్య అన్నం కలుపుకుంటూ తలెత్తి ఆమె మొహం చూసి చూసి, చాలాసేపు చూసి, కళ్లు దించుకున్నాడు. అంతసేపు ఆమె మొహం ఆయనెప్పుడూ చూడలేదు. ఆ చూపు కోసం మళ్లీ రేపు కూడా అదే బొట్టు పెట్టుకుందామా అని ఆశ పడిన సంగతి తలుచుకుంటే ఇప్పుడు కూడా సామ్రాజ్యానికి ఒళ్లు జలదరిస్తుంది.

పచ్చడి సంగతి ఇంకా అన్యాయం. మస్తానమ్మ చేత్తో పెట్టిన పండుమిరపకాయ పచ్చడి ఒక జాడీ మిగిలి ఉంది, నల్లబడి, నూనె తేలి. ఆయన రోజూ గోరంత వేసుకుంటాడు, తినడానికి కాదు, ఉందని చూసుకోవడానికి. అడుగు కనబడే రోజు దగ్గర పడుతుంటే సామ్రాజ్యానికి నిద్ర పట్టేది కాదు. అయిపోయిన రోజు ఈ మనిషి ఏమైపోతాడు అని. ఆయన చేనుకు పోయినప్పుడు కొత్తగా కాయలు దంపి, చింతపండు కాస్త ఎక్కువ వేసి, రంగు కోసం పాత నూనెతో కలిపి జాడీ సగానికి నింపింది. ఆ మధ్యాహ్నం ఆయన ఒక ముద్ద తిని కళ్లు మూసుకుని, ఎంతైనా మస్తానమ్మ చెయ్యే వేరు అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు, పొయ్యి వైపు తిరిగి రెండూ చేసింది. తన చేతి రుచి కూడా ఆమె ఖాతాలోనే పడింది. ఆ రోజు నుంచి ఎన్నిసార్లు నింపిందో, ఎన్నిసార్లు ఆ మాట విన్నదో, పోను పోను వినడం అలవాటైంది, ఇంకా పోను పోను ఆ మాట కోసమే ఉప్పు సరిచూసేది. ఊళ్లో ఆడవాళ్లు కూడా పులుసు రుచి చూసి అచ్చం మస్తానమ్మ పెట్టినట్టే ఉందమ్మాయ్ అంటారు, మెచ్చుకోలుగానే అంటారు పాపం.

అందుకేనేమో దర్గాలో ఆ పని జరిగింది. జరిగిందనే అనుకోవాలి, తను చేసిందనడానికి ఆమెకు నోరు రావడం లేదు. కింది గుడి అయ్యాక సుభానీ అందరినీ సందుల్లోంచి నడిపించి దర్గాకు తీసుకెళ్లాడు, ఇళ్లల్లో మగ్గాల చప్పుడు వినబడుతోంది, ఆ చప్పుడుకు సామ్రాజ్యం కాళ్లు కాసేపు చీరాల వీధుల్లో నడిచాయి. మన వైపు హిందువుల ఇళ్లల్లో మస్తాన్లూ సైదులూ ఎందుకున్నారో తెలుసా అమ్మా అని సుభానీ అడిగాడు, పిల్లలు పుట్టి పుట్టి పోతుంటే దర్గాకొచ్చి మొక్కుకుని, నిలిచిన బిడ్డకు బాబా పేరు పెట్టుకుంటారు, బాబా పేరున్న బిడ్డ జోలికి చావు రాదని నమ్మకం అన్నాడు. యలమందయ్య ఆ మాటకు తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. మస్తానమ్మకు ముందు ముగ్గురు పోయారట, ఈమె నిలిచిందట, గుంటూరు మస్తాన్ బాబా పేరు పెట్టారట. నిలిచింది, నలభై తొమ్మిదేళ్లు నిలిచింది. లోపల అగరొత్తుల పొగ, ఆకుపచ్చ చాదరు, గులాబీ రేకులు, దర్గా చూసుకునే ముసలి ముజావరు నెమలీకల కట్ట పట్టుకుని ఒక్కొక్కరి తల మీద తాకిస్తూ దువా చేస్తున్నాడు. ఆయన యలమందయ్యను దాటి నేరుగా ఆమె ముందుకొచ్చాడు.

"నీ పేరేందమ్మా?"

"మస్తానమ్మ," అంది సామ్రాజ్యం.

ఆలోచించి అన్నది కాదు, తడబడి అన్నది కూడా కాదు. పొద్దున గుడిలో ఆయన అన్నంత తేలిగ్గా ఆమె నోటి నుంచి కూడా వచ్చేసింది. ముజావరు మొహం విప్పారింది, బాబా బిడ్డవా తల్లీ, చల్లగా ఉండు అని ఈకలు రెండుసార్లు తాకించాడు. ఆ ఈకల చల్లదనం నెత్తి మీంచి మెడ మీదికి, మెడలో బంగారు బిళ్ళ మీదికి దిగుతుంటే, నేను సామ్రాజ్యాన్ని అని చెప్పాలని నోరు తెరిచింది, అప్పటికి ఆయన వేరేవాళ్ల దగ్గరికి వెళ్లిపోయాడు. పక్కన యలమందయ్య విన్నాడో లేదో, కళ్లు మూసుకునే ఉన్నాడు. ఆ తర్వాత చర్చిలో ఎవరూ ఎవరినీ పేరడగలేదు, ఎత్తయిన కిటికీల్లోంచి వెలుగు పడుతోంది, ఖాళీ బెంచీ మీద కూర్చుంటే ప్రాణానికి ఎంత హాయిగా ఉందో. ఇక్కడే ఉండిపోతే బాగుండు, పేరు లేకుండా, ఎవరికీ జవాబు చెప్పకుండా. కొవ్వొత్తి వెలిగించమని సుభానీ ఇస్తే ఎవరి కోసం వెలిగించాలో తెలియక చాలాసేపు పట్టుకుని, చివరికి ఎవరూ అనుకోకుండా వెలిగించి వచ్చేసింది.

అప్పటి నుంచీ ఒకటే భయం. ఆయన పేరు తప్పు చెబుతాడన్న భయం పొద్దుటిది, ఇప్పటిది వేరు. తనెవరో తనకే తప్పిపోతోందా అని. చీర ఆమెది, మొక్కు ఆమెది, పచ్చడి ఆమెది, నుదుటి బొట్టు ఆమెది, ఇప్పుడు నాలుక కూడా ఆమెదేనా. చీరాలలో కండెలు చుట్టిన సామ్రాజ్యం ఉందా, అమ్మ మంచం పక్కన పడుకుని రోడ్డు మీద పోయే బస్సుల హారన్లు వింటూ నాకూ ఒక ఇల్లుంటుందా అనుకున్న సామ్రాజ్యం ఉందా. అమ్మ పోయేముందు రెండు నెలలు మనుషుల్ని గుర్తుపట్టలేదు, కూతుర్ని కూడా ఎవరమ్మా నువ్వు అనేది, అయినా రాత్రిళ్లు దాహమేస్తే సామ్రాజ్యం, సామ్రాజ్యం అని పిలిచేది. ఆ పేరుతో తనను చివరగా పిలిచింది అమ్మే. అమ్మతో పాటే ఆ పేరు కూడా పోయింది కాబోలు. తను కూడా పోయిన మనిషే, ఆ ఇంట్లో తిరుగుతున్నది ఇద్దరూ ఇద్దరే, కాకపోతే ఒకరికి అన్నం తినాల్సిన అవసరం ఉంది. ఈ ఆలోచనకు సామ్రాజ్యానికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి, ఏడుపు కన్నా కోపం ఎక్కువ వచ్చింది, ఎవరి మీదని అడిగితే చెప్పలేదు. బిందె చంకకెత్తి ఆయన భుజం మీద వేలితో తట్టింది.

"లోపల ఎవరి పేరు చెబుతారు?"

యలమందయ్య వెనక్కి తిరిగాడు. ఆయన మొహం చూస్తే ఆయన కూడా పొద్దుటి నుంచీ ఆ ప్రశ్న కోసమే భయపడుతున్నాడని అర్థమైంది.

"మొక్కు ఆమెది," అన్నాడు మెల్లగా. "ఆమె మొక్కబట్టే నేనిట్టా నిలబడ్డా. పేరు మారిస్తే... ఆమెను నేను చేత్తో బయటికి నెట్టినట్టుంటది. పొద్దున గుళ్లో నోటికొచ్చేసింది, వచ్చినాక నీ మొహం చూశా. నాకేం తెలవట్లా."

"మరి నన్నెవరని తెచ్చుకున్నారు?" అంది సామ్రాజ్యం. గొంతు పెరిగింది, ముందున్న వాళ్లు తిరిగి చూశారు, చూస్తే చూడనీ అనుకుంది. "మీ అక్కయ్య పెళ్లిరోజునే చెప్పింది లెండి. మొక్కు తీర్చడానికే తెచ్చారంట. నిజమేనా?"

ఆయన కమ్మీ పట్టుకున్నాడు. "మొదట అదేనే," అన్నాడు. "మొదట అదే." తర్వాత ఇంకేదో అనబోయాడు, పెదాలు కదిలాయి, ఈలోపు క్యూ కదిలింది, వెనకవాళ్లు నెట్టారు, ఇద్దరూ గుహ నీడలోకి వచ్చేశారు. రాయి చల్లగా ఉంది. ఇంత బెల్లం నీళ్లు పోస్తున్నా ఇక్కడ ఈగ గానీ చీమ గానీ కనబడదని సుభానీ చెప్పాడు, నిజమే, కనబడలేదు. సగమే తాగుతాడట స్వామి, ఎంత పెద్ద బిందె తెచ్చినా సగం తాగి సగం తిరిగి ఇచ్చేస్తాడట. మొదట అదే. మొదట అంటే తర్వాత ఇంకోటి ఉన్నట్టేగా. ఆ ఇంకోటి ఏమిటో చెప్పకుండా నోరు మూసుకోవడం ఈ మగవాళ్లకు ఎవరు నేర్పారో. ఆమెకు ఆయన మీద జాలి వేసింది, కోపమూ వేసింది, అన్నిటికన్నా ఎక్కువగా వీపు వెనక ఎవరో నిలబడి ఉన్నట్టు అనిపించింది. వెనక నిలబడింది కర్నూలు వైపు నుంచి వచ్చిన ఎవరో దంపతులు. అయినా వాళ్లకూ తనకూ మధ్య ఇంకొక మనిషి పట్టేంత ఎడం ఉంది, ఇంత రద్దీలో ఆ ఎడం ఎందుకుందో, వాళ్లెందుకు ముందుకు జరగలేదో.

"గోత్రం?" అన్నాడు అర్చకుడు.

"పసునూళ్ల గోత్రమండి."

"దంపతుల పేర్లు?"

"యలమందయ్య," అన్నాడు, అని ఆగిపోయాడు. ఎదురుగా స్వామి ఇత్తడి నోరు తెరుచుకుని ఉంది, దీపం వెలుగు ఆ నోట్లో లోపలిదాకా పడటం లేదు. అర్చకుడు శంఖం పట్టుకుని చూస్తున్నాడు. చెప్పండి స్వామీ, ధర్మపత్ని పేరు, వెనక చాలామంది ఉన్నారు అన్నాడు అర్చకుడు. యలమందయ్య గుక్క పట్టినట్టు ఊపిరి తీశాడు.

"సామ్రాజ్యం."

రెండేళ్లలో మొదటిసారి. గట్టిగా కూడా అనలేదు, సగం గొంతులోనే మిగిలింది, అయినా ఆ గుహంతా ఆ పేరే ఉన్నట్టు వినబడింది ఆమెకు. సంతోషం కలిగింది, అబద్ధమెందుకు, అమ్మ పోయాక ఇంత సంతోషం ఎప్పుడూ కలగలేదు, నేను ఉన్నాను అనిపించింది, నా పేరున ఒక మనిషి దేవుడి ముందు నిలబడ్డాడు అనిపించింది. ఆ సంతోషం ఒక్క ఊపిరి పాటే నిలిచింది. ఎందుకంటే అదే క్షణంలో వీపు వెనక ఎడం చల్లబడింది. పొద్దుటి నుంచీ బస్సులో మధ్య సీటులో, గుడి మెట్ల మీద, నెమలీకల కింద, ఈ చీర మడతల్లో పక్కనే ఉన్న మనిషి ఒక అడుగు వెనక్కి వేసింది. గొడవ చెయ్యలేదు, మాటైనా అనలేదు. మొక్కింది తను, చచ్చింది తను, ఇంత దూరం నడిచొచ్చి గుమ్మం దగ్గర పేరు అడిగేసరికి పేరు లేక వెనక్కి తిరిగింది. పేరు లేకుండా ఒక ఇంట్లో ఉండటం ఎట్లా ఉంటుందో ఈ లోకంలో ఎవరికన్నా తెలుసంటే అది సామ్రాజ్యానికి తెలుసు. పక్కన యలమందయ్య కళ్లు గట్టిగా మూసుకున్నాడు, రెప్పల కింది నుంచి నీళ్లు కారుతున్నాయి, అర్చకుడు శంఖాన్ని బిందెలో ముంచబోయాడు. సామ్రాజ్యం బిందె వెనక్కి లాక్కుంది.

"అయ్యగారూ, ఒక్క నిమిషమండీ. ఇంకో పేరుంది. మస్తానమ్మ."

"ఎవరమ్మా ఆమె?"

"మా అక్కండి. ఈ మొక్కు మొక్కింది ఆమే."

అర్చకుడు ఆమె మొహంలోకి చూశాడు, ఏడుస్తున్న మగమనిషి వైపు చూశాడు, గొంతు తగ్గించాడు. "ఉన్నారా తల్లీ ఆమె? ఏమీ అనుకోకు, పోయినవాళ్ల పేరు మీద అర్చన చెయ్యకూడదు, అందుకని అడుగుతున్నా."

యలమందయ్య కళ్లు తెరిచి ఆమెకేసి చూశాడు. సామ్రాజ్యం బిందెను రెండు చేతులా ఎత్తి అర్చకుడికి అందించింది.

"ఉందండి," అంది. "మా ఇంట్లోనే ఉంటది."